మంగళవారం వంతు

“నూగు తీయడం మర్చిపోయారు, ఎర్గిన్ గారూ.”

ఎగ్లి గారు ఈ మాట ఎప్పుడూ గొంతు పెంచి అనరు. పెంచితే బాగుండును, తిరిగి ఓ మాట అనేసి చేతులు దులుపుకోవచ్చు. అదే మేడలో ఉండే ఎనభై దాటిన ముసలావిడ. ఇస్త్రీ మడత నలగని ఏప్రాన్ కట్టుకుని, బట్టలారబెట్టే మెషీను జల్లెడలోంచి తీసిన బూడిదరంగు నూగు ఉండని రెండు వేళ్ళతో పట్టుకుని, చంటిపిల్లాడు చేసిన పాడుపనిని తల్లికి చూపిస్తున్నట్టు చూపిస్తారు. అంతే. మళ్ళీ ఓ మాట ఉండదు.

“క్షమించండి,” అంది నెస్రీన్ ఎర్గిన్. ఈ ఊరి భాషలో ఆమె మొట్టమొదట నేర్చుకున్న మాట అదే. ఇప్పటికీ రోజూ ఎక్కువగా వాడేదీ అదే.

జూరిక్‌లో ఆ పాత మేడలో ఎనిమిది కాపురాలకి నేలమాళిగలో ఒకటే ఉతికే మెషీను, ఒకటే ఆరబెట్టే మెషీను. ఎవరి వంతు రోజు వాళ్ళది. నెస్రీన్‌ది వారం విడిచి వారం మంగళవారం. ఆ రోజు చేజారితే మళ్ళీ రెండు వారాల దాకా మురికి బట్టలతో కాపురం చేయాల్సిందే. ఆదివారం ఉతికితే పాపం, రాత్రి పొద్దుపోయాక ఉతికితే నేరం. వంతు అయిపోగానే మెషీను తలుపు తుడవాలి, నేల తుడవాలి, నూగు తీయాలి, తాళంచెవి తర్వాతి ఇంటివాళ్ళ గుమ్మానికి తగిలించాలి. లిఫ్టు లేదు. నాలుగో అంతస్తు నుంచి బుట్టలు దించడం, మళ్ళీ ఎక్కించడం. మొగుడు ఒక్తాయ్ చొక్కాలు, ఒక్తాయ్ పరుగుకి వెళ్ళే బట్టలు, ఒక్తాయ్ జిమ్ముకి వెళ్ళే బట్టలు, ఆ రెంటికీ వేరువేరు తువ్వాళ్ళు. ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తే ఒక్తాయ్ తప్పకుండా చెప్పే జోకు ఒకటుంది: “స్విట్జర్లాండ్ ప్రభుత్వం మా ఆవిడకి రెండు వారాలకో మంగళవారం రాసిచ్చింది. నాకు ఏమీ ఇవ్వలేదు.” వచ్చినవాళ్ళు విరగబడి నవ్వుతారు. నెస్రీన్ కూడా నవ్వి, వంటింట్లోకి వెళ్ళి టీ పోసుకుని వస్తుంది.

సొంతూరు ఇజ్మీర్ నుంచి అత్తగారు వీడియోలో కనిపించినప్పుడల్లా ఒకటే పాట. “నీకేమే అమ్మాయ్! అక్కడ అన్నీ మెషీన్లే చేసేస్తాయట. నేనయితే ముగ్గురు మగపిల్లల బట్టలు చేత్తో ఉతికి ఆరేసేదాన్ని. నువ్వు ఓ బొత్తాం నొక్కి కాఫీ తాగడమేగా!” దూరపు కొండలు నునుపు. బొత్తాం నొక్కడానికి ముందూ తర్వాతా ఉన్న మెట్లు అంత దూరం నుంచి కనపడవు. నెస్రీన్ కూడా చూపించదు. చూపించేది చెరువు ఫోటోలు, మంచుకొండల ఫోటోలు, ఏడేళ్ళ కూతురు దెఫ్నె ఒక్కతే బడికి నడిచి వెళ్తున్న ఫోటో. ఆ ఫోటోలేవీ అబద్ధం కావు. ఇక్కడ రైలు చెప్పిన నిమిషానికి వస్తుంది, వీధి కొళాయిలో నీళ్ళు దోసిలి పట్టి తాగొచ్చు, చీకటి పడ్డాక ట్రాములో ఒంటరిగా కూర్చుంటే వెనకాల ఎవడున్నాడో అని మెడ తిప్పి చూసుకోనక్కర్లేదు. ఇజ్మీర్‌లో ఏ రోజూ అలా కూర్చోలేదు ఆమె. కానీ ఈ ఊళ్ళో చెప్పకుండా తలుపు తట్టేవాళ్ళు లేరు. కాఫీకి రమ్మంటే క్యాలెండరు తీసి నెల తర్వాతి తేదీ చెప్తారు. దగ్గరైన ఒకరిద్దరూ తనలాగే మొగుడి ఉద్యోగం వెంట వచ్చినవాళ్ళు. ఎండాకాలం వచ్చేసరికి వీడ్కోలు విందు పెట్టి, కుండీలో మొక్కలు ఈమె చేతిలో పెట్టి, ఇంకో దేశం వెళ్ళిపోతారు. నెస్రీన్ బాల్కనీ నిండా అలా వెళ్ళిపోయినవాళ్ళ మొక్కలే.

పెళ్ళికి ముందూ, పెళ్ళయిన కొత్తలోనూ ఆమె ఇజ్మీర్‌లో కట్టడాల ఇంజనీరు. భూమి కంపించిన ప్రతిసారీ, గోడలు బీటలిచ్చిన మేడల్లోకి అందరూ బయటికి పరుగెత్తుతుంటే ఆమె లోపలికి వెళ్ళేది. గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, ఈ ఇంట్లో ఇవాళ పడుకోవచ్చో లేదో చెప్పేది. వయసులో తాతలంతవాళ్ళు ఆమె నోటివంక చూస్తూ నిలబడేవాళ్ళు. ఆ తర్వాత ఒక్తాయ్‌కి రోటర్‌డామ్‌లో బీమా కంపెనీ ఉద్యోగం వచ్చింది. “మూడేళ్ళే, నెస్రీన్. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో, పిల్లని కందాం.” ఆమె డచ్చి భాష నేర్చుకుంది, పిల్లని కంది. డచ్చిలో ఉద్యోగానికి ప్రయత్నించే పాటి భాష వచ్చేసరికి జూరిక్ అన్నాడు. “చాక్లెట్ల దేశం! ఎవరికి దొరుకుతుంది?” డచ్చి మూట కట్టి అటక మీద పెట్టి, జర్మన్ మొదలుపెట్టింది. ఇప్పటికీ బేకరీలో కంగారుపడితే నోట్లోంచి డచ్చి మాట ఊడిపడుతుంది. కౌంటరు దగ్గర పిల్ల జాలిగా చూసి ఇంగ్లీషులోకి మారుతుంది. సరే, జర్మన్ నేర్చుకుంది కదా అనుకుంటే, ఇక్కడివాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది ఆ జర్మన్ కాదు, వేరే యాస. దెఫ్నెకి ఆ యాస పుట్టుకతో వచ్చినట్టు వచ్చేసింది. బడి గేటు దగ్గర పదిమందిలో, “అమ్మా, అలా అనరు,” అని తల్లిని దిద్దుతుంది. ఆ పిల్లకి తెలీదు పాపం, తల్లికి అక్కడికక్కడే నేల చీలితే బాగుండుననిపిస్తుందని.

ఇక్కడ ఉద్యోగాన్ని శాతాల్లో చెప్తారు. వారమంతా చేస్తే నూరు, నాలుగు రోజులు చేస్తే ఎనభై. ఎవరి ఇంటికి వెళ్ళినా ఆడవాళ్ళు ముందు అడిగేది, “మీరెంత శాతం?” అని. “ఇంట్లో ఉంటాను,” అంటే అడిగినావిడ చిరునవ్వు చెదరకుండా జున్నుముక్కల పళ్ళెం వైపు తిరుగుతుంది. పిల్లలు మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి ఇంటికొచ్చే ఊరిది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండి తీరాలి. ఎవరో ఒకరు అంటే ఎవరో ఏ ఇంట్లోనూ చర్చ పెట్టుకోరు.

అలాంటిది, ఈ వసంతంలో ఒక చిన్న కంపెనీ ఆమెని పిలిచింది. పాత బడులూ, చర్చిలూ ఎంత గట్టిగా ఉన్నాయో చూసే కంపెనీ. దరఖాస్తు ఒక్తాయ్ దిద్దిపెట్టాడు. “నీది క్లాసు జర్మన్, నాది ఆఫీసు జర్మన్,” అన్నాడు. దిద్దుతూ దిద్దుతూ ఫోన్ నంబరు తనది వేశాడు. “నువ్వు కింద బట్టల గదిలో ఉంటావు. అక్కడ సిగ్నల్ ఉండదు. వాళ్ళు చేసినప్పుడు దొరక్కపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.” అదీ నిజమే కదా అనుకుంది. ఎంత ఆలోచించాడు నా గురించి అని కూడా అనుకుంది, వెర్రిది.

ఇక్కడ ఉద్యోగం ఇచ్చే ముందు ఒక రోజు వచ్చి పని చేసి చూపించమంటారు. రెగూలా అని, ఆ కంపెనీ నడిపే ఆవిడ, పొట్టి జుట్టు, సైకిలు మీద వచ్చి నెస్రీన్‌ని ఒక పాత బడి కిందిగదిలోకి తీసుకెళ్ళింది. నెత్తి మీద హెల్మెట్ పెట్టుకోగానే నెస్రీన్ వీపు దానంతటదే నిటారుగా అయింది. గోడ మీద చెయ్యి పెట్టింది. “ఈ బీట పాతది, ఆగిపోయింది. దాని పక్కన సన్నగా ఉంది చూడండి, అది ఇంకా కదులుతోంది,” అంది. వ్యాకరణం తప్పిందేమో కూడా చూసుకోలేదు. రెగూలా వంగి చూసి, ఊఁ అని, ఇంకో గోడ చూపించింది. మధ్యాహ్నం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని పప్పు సూపు తాగారు. తను వండనిది, తను వడ్డించనిది, తిన్నాక ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కున్నది. ఆ సూపులో ఉప్పు తక్కువైంది. అయినా అంత రుచిగా ఏదీ తిన్న గుర్తు లేదు ఆమెకి. వెళ్ళేటప్పుడు రెగూలా చెయ్యి కలిపి, “మాకు మీరు నచ్చారు. ఎనభై శాతం. వారంలో ఫోన్ చేస్తాం,” అంది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక్తాయ్ ఇంటికొచ్చి దెఫ్నెకి బ్రెడ్డు కాల్చి పెట్టాడు. ఆ బ్రెడ్డు కథ వారం రోజులు నడిచింది. “మీటింగు మధ్యలో లేచి వచ్చాను తెలుసా?” అని ఇజ్మీర్‌కి ఫోన్ చేసి చెప్పాడు. అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. “అయ్యో నా తండ్రీ! మగపిల్లాడివి, వంటింట్లో నీకేం ఖర్మరా!” నెస్రీన్ పక్కనే కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది.

వారం గడిచింది. ఇంకో వారం. ఒకసారి భోజనాల దగ్గర, ఏమీ పట్టనట్టు అడిగింది, “ఎవరైనా ఫోన్ చేశారా నాకోసం?” ఒక్తాయ్ ఫోనులోంచి తల ఎత్తలేదు. “నాకు రోజుకి సవాలక్ష ఫోన్లు వస్తాయి నెస్రీన్.” అది జవాబు కాదని ఆమెకి అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. తట్టినా, తట్టనట్టు ఉండడం పదేళ్ళుగా అలవాటైపోయింది.

ఈ మంగళవారం మొదటి వాయి మెషీనులో పడేసి, ఎగ్లి గారి నూగు ఉపదేశం విని, ఇక ఆగలేక రెండో అంతస్తు మెట్ల మలుపు దాకా ఎక్కింది. సిగ్నల్ అక్కడ మొదలవుతుంది. రెగూలాకి తనే ఫోన్ చేసింది. తడి చేతులతోనే.

“ఓ, ఎర్గిన్ గారా!” రెగూలా గొంతులో ఆశ్చర్యం, కాస్త ఇబ్బంది. “మేం చేశాం కదా. మీ వారు మాట్లాడారు. సెప్టెంబరులో మీరందరూ స్టాక్‌హోమ్ వెళ్ళిపోతున్నారని చెప్పారు. చాలా బాధపడ్డాం. వేరే అబ్బాయిని తీసుకున్నాం... మీకు తెలుసు కదా?”

మెట్ల పక్క కిటికీలోంచి ఎదురింటి బాల్కనీలో ఎవరిదో దుప్పటి ఆరేసి ఉంది. నెస్రీన్ దానివంకే చూస్తూ, “అవును, అవును,” అంది. “తెలుసు. ఊరికే, థాంక్స్ చెబుదామని చేశాను.” నవ్వింది కూడా. ఎందుకు నవ్విందో దేవుడికే తెలియాలి. తాము ఊరు మారుతున్న సంగతి తనకే తెలీదని పరాయి మనిషికి తెలియకూడదు. ఆ క్షణాన ఉద్యోగం కంటే, స్టాక్‌హోమ్ కంటే, ఆ సిగ్గు పెద్దదైంది. మొగుడు చేసిన పనికి పరువు పోయేది పెళ్ళానికి. ఇదెక్కడి న్యాయమో! ఫోను పెట్టేసి, కిందికి దిగి, తిరగేసిన బుట్ట మీద కూర్చుని, మెషీను గాజుకంట్లో ఒక్తాయ్ చొక్కాల చేతులు ఒకదానికొకటి చుట్టుకోవడం చూస్తూ ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడవడం కూడా ఒక విద్యే. అదీ వచ్చు ఆమెకి.

“ఒంట్లో బాగాలేదా?”

ఎగ్లి గారు. నేల తుడిచే కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఈ మేడలో ఎవరూ ఎవర్నీ ఇలా అడగరు. అందుకే కాబోలు, నెస్రీన్‌కి అబద్ధం సమయానికి దొరకలేదు. వచ్చిన జర్మన్‌లో, రాని చోట చేతుల్తో, మొత్తం చెప్పేసింది. గోడ బీట, ఎనభై శాతం, ఫోను, స్టాక్‌హోమ్. చెబుతుంటే మధ్యలో డచ్చి కూడా దొర్లింది. ఆవిడ అడ్డు రాలేదు. అంతా విని, కర్రని గోడకి ఆనించి, ఆరబెట్టే మెషీనుకి వీపు ఆనించి నిలబడ్డారు.

“నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసేదాన్ని, ఎర్గిన్ గారూ. పెళ్ళికి ముందు. నా గొంతు బాగుంటుందనేవాళ్ళు,” అన్నారు. “పెళ్ళయ్యాక పెళ్ళాం ఉద్యోగం చేయాలంటే మొగుడు సరే అనాలి. మా ఇంట్లో అనే కాదు, చట్టంలోనే అలా ఉండేది. ఆయన సరే అనలేదు.”

“మా దేశంలో కూడా ఉండేది ఆ చట్టం,” అంది నెస్రీన్. “ఎత్తేశారు.”

“ఇక్కడా ఎత్తేశారు. అప్పటికి నాకు నలభై ఐదు.”

“అప్పుడు అడిగారా ఆయన్ని?”

ఎగ్లి గారు కాసేపు ఆలోచించారు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు. “లేదు. అడగొచ్చనే సంగతే అప్పటికి మర్చిపోయాను,” అన్నారు. ఆ తర్వాత గడియారం చూసుకుని కర్ర అందుకున్నారు. “మీ వంతు సాయంత్రం ఆరింటి దాకానే. రెండో వాయి వేసుకోండి, మళ్ళీ ఆరవు.”

రెండో వాయి వేసుకుంది.

ఆ సాయంత్రం ఆమె వంట మానలేదు. మానేస్తే పిల్ల ఏం తింటుంది? వంకాయ వేపి, పెరుగు చిలికి, అన్నం వార్చింది. ఒక్తాయ్ రెండో ముద్ద పెట్టుకుంటుండగా, “స్టాక్‌హోమ్ సెప్టెంబరులోనా?” అంది.

ముద్ద ఆగింది. “ఎవరు చెప్పారు?”

“రెగూలా.”

“అబ్బ!” అన్నాడు, కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు. “సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. నీ పుట్టినరోజుకి చెబుదామని. పెద్ద పదవి నెస్రీన్! కంపెనీ వాళ్ళే ఇల్లు ఇస్తారు. ఇంకో సంగతి విను. ఇంట్లోనే మెషీను! నీ మెషీను నీకు! ఇక ఈ ముసలమ్మతో నూగు గోల ఉండదు. అది నేను ప్రత్యేకంగా అడిగి పెట్టించుకున్నా, నీకోసం.”

“ఎప్పుడు ఒప్పుకున్నావు?”

“మార్చిలో. అయితే ఏంటి?”

మార్చిలో. అంటే ఆమె దరఖాస్తు దిద్దుతున్నప్పుడే. ఆఫీసు జర్మన్‌తో వాక్యాలు సరిచేస్తూ, ఫోను నంబరు మారుస్తూ, ఈ ఉద్యోగం ఆమె చేయబోదని తెలిసే. బడి కిందిగదిలో ఆమె గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు కూడా. బ్రెడ్డు కాల్చినప్పుడు కూడా.

“మరి నన్నెందుకు పంపావు ఆ రోజు?”

“సరదా పడ్డావు కదా, కాదంటే బాధపడతావని. నేనేమైనా వద్దన్నానా? నిన్ను ఏనాడైనా దేనికైనా వద్దన్నానా నెస్రీన్? మా నాన్నలా చెయ్యెత్తానా?” గొంతులో నిజమైన నొప్పి ఉంది. దానికే ఆమెకి భయం వేసింది. ఇతను నటించడం లేదు. తను మంచివాడినని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు.

“నేను రాను,” అంది.

“రాక? ఇక్కడ ఏముంది నీకు? ఉద్యోగమా? లేదు. చుట్టాలా? లేరు. అద్దె ఎవరు కడతారు, నీ జర్మన్ క్లాసా?”

దెఫ్నె స్పూను పళ్ళెంలో పెట్టేసింది. “మళ్ళీ కొత్త బడా?” అని అడిగింది, ఇంటి భాషలో కాదు, వీధి యాసలో. ఒక్తాయ్ లేచి, పిల్ల తల నిమిరి, అక్కడ మంచు ఇంకా ఎక్కువ పడుతుందనీ, కుక్కపిల్లని కొందామనీ చెప్పాడు. నెస్రీన్ గిన్నెలు తీసింది.

మర్నాడు అత్తగారు వీడియోలోకి వచ్చేశారు. కొడుకు కబురు పంపించి ఉంటాడు. “ఏమిటే అమ్మాయ్, రానన్నావట! మొగుడు ఏ ఊళ్ళో ఉంటే పెళ్ళానికి అదే సొంతూరు. వాడు ఎవరికోసం కష్టపడుతున్నాడు? మీకోసం కాదూ? ఊరంతా నిన్ను చూసి కుళ్ళుకుంటోంది. నీకు సుఖం ఎక్కువై కళ్ళు నెత్తికెక్కాయి.” నెస్రీన్ ఎప్పటిలా, “సరే అత్తయ్యా, ఉంటానత్తయ్యా,” అని ఫోను పెట్టేసింది. మౌనం అర్ధాంగీకారం అని ఒక్తాయ్ లెక్క వేసుకున్నాడు. తల్లికి థాంక్స్ చెప్పాడు. అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయో వెతకడం మొదలుపెట్టాడు. ఆమె కేకలు వేసి ఉంటే అతను జాగ్రత్త పడేవాడేమో. ఈ పదేళ్ళలో ఆమె మౌనం అతనికి ఏనాడూ నష్టం చేయలేదు.

గురువారం దెఫ్నె బడికి వెళ్ళాక, నెస్రీన్ చెరువు ఒడ్డున బెంచీ మీద కూర్చుని మళ్ళీ రెగూలాకి ఫోన్ చేసింది. చేసే ముందు ఆ వాక్యాలు నోట్లో ఎన్నిసార్లు తిప్పుకుందో. “ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. స్టాక్‌హోమ్ సంగతి నాకు మీరు చెప్పేదాకా తెలీదు,” అంది. రెగూలా, “ఆ చోటు నిండిపోయింది. అతన్ని తీసేయలేను,” అంది. “శరత్కాలంలో ఇంకో పని రావచ్చు. రాకపోవచ్చు. మాట ఇవ్వలేను. మీరు ఇక్కడే ఉంటే మాత్రం, ఈసారి మీ నంబరు ఇవ్వండి.” నెస్రీన్ తన నంబరు చెప్పింది. ఒక్కో అంకె విడివిడిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు. ఫోను పెట్టాక చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. ఉద్యోగం లేదు, భరోసా లేదు, రావచ్చు రాకపోవచ్చు అన్న మాట ఒక్కటి. దానితో అద్దె కట్టలేరు, పిల్లకి బూట్లు కొనలేరు. ఇజ్మీర్ వెళ్ళిపోదామా అంటే, మొగుణ్ణి వదిలి వచ్చిన కూతురికి తండ్రి ఇంట్లో ఎంత చోటు ఉంటుందో ఆమెకి తెలుసు. అక్క విషయంలో చూసింది. బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలాయన బాతులకి రొట్టె వేస్తున్నాడు. అది ఇక్కడ నిషేధం. ఎవరో వచ్చి మర్యాదగా చెప్పేదాకా వేస్తూనే ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్తాయ్ బల్ల తుడిచాడు. తనంతట తాను గుడ్డ తెచ్చి తుడవడం ఆమె ఇదే చూడడం. ఏదో కావాలి కాబోలు అనుకుంది. అతను ఒక కాగితం పరిచి, పక్కన కలం పెట్టాడు.

“ఇల్లు ఖాళీ చేస్తున్నామని యజమానికి పంపాలి. ఈ నెల దాటితే ఇంకో మూడు నెలల అద్దె నెత్తిన పడుతుంది. నేను సంతకం పెట్టేశాను. ఇదిగో, ఇక్కడ నువ్వు.”

“నేనెందుకు? రోటర్‌డామ్‌లో నువ్వొక్కడివేగా పెట్టావు.”

“ఇక్కడ చెల్లదట. కాపురం ఉంటున్న ఇల్లయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పెట్టాలట. పదిరోజుల కిందట నేనొక్కడినే పెట్టి పంపితే తిప్పి పంపించారు.” చిరాగ్గా నవ్వాడు. “వీళ్ళ చాదస్తం నీకు తెలుసుగా. చెత్తబుట్టకి కూడా చట్టం ఉంటుంది.”

పదిరోజుల కిందట. అంటే ఆమె రానని చెప్పకముందే, ఆమెకి స్టాక్‌హోమ్ అన్న మాటే తెలియకముందే, ఈ ఇంటికి వీడ్కోలు చెప్పేశాడన్నమాట. అది తిరిగి రాకపోతే ఈ కాగితం కూడా ఆమె చూసేది కాదు. ఒక రోజు అట్టపెట్టెలు వచ్చేవి, అంతే. నెస్రీన్ కాగితం దగ్గరికి లాక్కుంది. ఒక్తాయ్ ఎర్గిన్ అన్న పేరు కింద మెలికలు తిరిగిన సంతకం. దాని కింద ఖాళీ గీత, ఆమె పేరుతో. మొగుడు సరే అనందే ఎగ్లి గారిని టెలిఫోన్ దగ్గర కూర్చోనివ్వని దేశమే, ఇవాళ పెళ్ళాం సరే అనందే ఇల్లు ఖాళీ చేయనివ్వనంటోంది. మధ్యలో ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్ని వంటిళ్ళలో పోట్లాడితే ఈ గీత ఇక్కడ పడిందో! వాళ్ళెవరూ ఆమెకి తెలీదు. వాళ్ళకీ ఈమె తెలీదు.

“నేను పెట్టకపోతే?” అంది.

ఒక్తాయ్ అప్పటికే కవరు వెతుకుతున్నాడు. “పెట్టకపోతే ఖాళీ చేయడం కుదరదు. అందుకేగా అడుగుతున్నది. త్వరగా కానీ.”

ఆమెకి భయం వేసింది. చాలా భయం వేసింది. అద్దె గురించి భయం, శరత్కాలం గురించి, రాత్రి పిల్ల అడగబోయే ప్రశ్నల గురించి, మొగుణ్ణి వదిలేసిందట అని ఇజ్మీర్‌లో గుసగుసలాడే నోళ్ళ గురించి. అటు పక్క గదిలో దెఫ్నె ఎవరో స్నేహితురాలితో ఫోనులో వీధి యాసలో వాగుతూ పకపకా నవ్వుతోంది. నెస్రీన్ కలానికి మూత పెట్టి, కాగితం మీద ఉంచి, రెండూ కలిపి అతని వైపు జరిపింది.

“అయితే కుదరదు, ఒక్తాయ్. నువ్వు వెళ్ళు. ఈ ఇల్లు ఖాళీ కాదు.”